ఐదో వీధికి పేరు

పోయిన వేసవిలో మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు చరిత్రా శాసనాలూ అంటూ ఏదో రాస్తుంటావు కదా, మాకో ఐదు పేర్లు చెప్పు" అన్నాడు.

హైదరాబాదుకి పడమటి వైపు, అవుటర్ రింగ్ రోడ్డు దాటాక, ఒక వెంచర్‌లో వాడు ప్లాట్ కొన్నాడు. అందులో ఐదు వీధులు. బ్రోచర్‌లో వాటికి మేపుల్, సీడర్, ఓక్, పైన్, విల్లో అని పేర్లు. ఈ ఐదు చెట్లలో ఒక్కటి కూడా ఆ చుట్టుపక్కల మొలిచిన పాపాన పోలేదు. ప్లాట్లు కొన్నవాళ్ళంతా సొసైటీగా ఏర్పడ్డారు. మన నేటివిటీ ఉండేలా పేర్లు మార్చుకుందామని తీర్మానం చేశారు. షరతులు మూడు: లోకల్‌గా ఉండాలి, పిల్లలకి నోరు తిరగాలి, వినడానికి బాగుండాలి.

నేను ఒక్క పూటలో జాబితా పంపేశాను. శ్రీపర్వతం, విజయపురి, ధాన్యకటకం, ఇంద్రపాలనగరం, కొలనుపాక. పంపి, చాలా మంచి పని చేశాననుకుని పడుకున్నాను. పొద్దున్నే వాడి మెసేజ్: "బాగున్నాయి అక్కా. వీటిలో మా ఊళ్ళో ఉండేవి ఏవి?"

ఒక్కటీ లేదు. నాలుగు పుస్తకాలు చదివిన వాళ్ళం తరచూ చేసే తప్పే నేనూ చేశాను. లోకల్ అనగానే పాతది అనుకున్నాను. పాతది అనగానే రాజధాని అనుకున్నాను. ఆ ఊళ్ళో కాలు పెట్టకుండానే ఆ ఊరికి పేర్లు పెట్టేశాను.

*

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఈ తేడా అందరికంటే ముందు నాకే తెలిసుండాలి. నేను పెరిగింది విజయపురిలో. నాన్న నాగార్జునసాగర్ కుడి కాలువ ఆఫీసులో గుమాస్తా. మాది విజయపురి సౌత్. ఆనకట్ట దాటి అవతలి ఒడ్డుకి పోతే విజయపురి నార్త్. పోస్టు కవర్ల మీదా రేషన్ కార్డు మీదా విజయపురి అనే ఉండేది. నోటితో మాత్రం ఆ మాట అనేవాళ్ళు తక్కువ. మాది 'రైట్ బ్యాంక్'. అవతలివి 'హిల్ కాలనీ', 'పైలాన్'. మాచర్లలో బస్సెక్కితే "సాగర్ ఒకటివ్వండి" అని టికెట్ తీసుకునేవాళ్ళం.

అలాగని విజయపురి అనేది ఊరికే అందంగా ఉందని పెట్టిన పేరు కాదు. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని పేరది. ఇప్పుడు జలాశయం ఉన్న లోయలోనే ఆ నగరం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక అక్కడ ఒక ప్రాకృత శాసనం వేయించింది. తను కట్టించిన చైత్యగృహం ఎక్కడుందో చెబుతూ శ్రీపర్వతం, విజయపురికి తూర్పు దిక్కు, చుళధమ్మగిరి విహారం అని వరసగా ఆనవాళ్ళిచ్చింది. దాదాపు పదిహేడు వందల ఏళ్ళ కిందటి అడ్రస్ అది.

1926లో అక్కడి శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. ఆనకట్ట ఖాయమయ్యాక, మునిగేలోపు చూడగలిగినంత చూద్దామని 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపింది. ఈలోగా 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది. కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకీ తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మిగిలిందంతా నీళ్ళ కింద ఉంది. పని చేయడానికి వచ్చిన వాళ్ళ కోసం రెండు ఒడ్లా కట్టిన కాలనీలకి మునిగిన రాజధాని పేరు వచ్చింది. ఆలోచన మంచిదే. నగరాన్ని ఎలాగూ ముంచుతున్నాం, పేరైనా ఒడ్డెక్కుతుంది.

కానీ మునిగింది ఇక్ష్వాకుల నగరం ఒక్కటే కాదు. ఇక్ష్వాకులు పోయి అప్పటికి పదహారు వందల ఏళ్ళు. లోయలో అప్పటికి పొయ్యిలు వెలుగుతున్న ఊరు పుల్లారెడ్డిగూడెం. తవ్వకాల తొలి నివేదికల్లో దారి చెప్పడానికి ఆ పేరే వాడారు. ఇక ఆనకట్ట కట్టిన చోటు నందికొండ. 1952లో ఖోస్లా కమిటీ అక్కడ కట్టొచ్చని చెప్పిన నాటికి దాని పేరు నందికొండ ప్రాజెక్టే. తర్వాత నాగార్జునసాగర్ అయింది. నిజానికి నాగార్జునకొండ అన్న పేరు కూడా ఇక్ష్వాకుల శాసనాల్లో కనిపించదు. ఆచార్య నాగార్జునుడు అక్కడ ఉన్నాడన్న నమ్మకంతో తర్వాతి కాలం వాళ్ళు పిలుచుకున్న పేరది.

అంటే ఆ కాలనీలకి పేరు పెట్టేనాటికి ఎదురుగా రెండు రకాల పేర్లున్నాయి. ఎవరి నోటా లేని గొప్ప పేరు ఒకటి. నిన్నటిదాకా మనుషులు పిలుచుకున్న మామూలు పేర్లు ఇంకో రకం. గొప్ప పేరు గెలిచింది. బడిలో మాకు ఇక్ష్వాకుల పాఠం చెప్పారు. వీరపురుషదత్తుడి పేరు పలకలేక నవ్వుకునేవాళ్ళం. పుల్లారెడ్డిగూడెం పేరు మాత్రం నేను మొదటిసారి చూసింది ముప్పై ఏళ్ళు దాటాక, లైబ్రరీలో పాత నివేదికలు తిరగేస్తుంటే. అక్కడ ఆడుకుంటూ పెరిగినదాన్ని, అక్కడ చివరగా ఉన్న ఊరి పేరు తెలియకుండానే పెరిగాను.

ఈ కథకి ఒక కొసరు కూడా ఉంది. 2018లో తెలంగాణ ఒడ్డున ఉన్న పట్టణాన్ని మున్సిపాలిటీ చేసినప్పుడు దానికి నందికొండ అని పేరు పెట్టారు. పక్కన పెట్టిన పేరు అరవై ఏళ్ళకి తిరిగొచ్చింది. ఆ సంగతి పేపర్లో చదివి సంతోషించాను. అయినా తమ్ముడు అడగ్గానే జాబితాలో విజయపురి రాసి పంపాను. అలవాటు అంత గట్టిది.

ఆ అలవాటు నా ఒక్కదానిదే కాదు. 2015లో ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధానికి అమరావతి అని పేరు పెట్టారు. అమరేశ్వరాలయమూ, పక్కనే ధరణికోటా ఉన్న అసలు అమరావతి పట్టణం రాజధాని కోసం తీసుకున్న 29 గ్రామాల పరిధిలో లేదు. శంకుస్థాపన జరిగింది ఉద్దండరాయునిపాలెంలో. పేరు బాగాలేదని నేననను. ప్రపంచానికి తెలిసిన పేరు కావాలని కోరుకోవడంలో తప్పూ లేదు. కానీ ఉద్దండరాయునిపాలెం, లింగాయపాలెం, నేలపాడు, శాఖమూరు అన్న పేర్లు రేపటి వీధుల్లో ఎక్కడ ఉంటాయన్నది కూడా పేరు పెట్టేవాళ్ళు వేసుకోవాల్సిన ప్రశ్నే.

*

ఇక హైదరాబాదు. స్థానికమైన పేరు కావాలనగానే సొసైటీలో కొందరు "అచ్చ తెలుగు పేర్లయితే బాగుంటుంది" అన్నారట. ఈ ఊరి పేర్ల చరిత్ర తెలిసిన వాళ్ళెవరూ ఆ మాట అంత ధైర్యంగా అనలేరు.

మూసారాంబాగ్ అంటే ఎవరో రామ్ అనే ఆయన తోట అనుకుంటాం. అది మిషెల్ రేమండ్ పేరు. ఫ్రాన్స్ నుంచి వచ్చి రెండో నిజాం దగ్గర సైన్యాధికారి అయి, 1798లో ఇక్కడే చనిపోయాడు. 'మస్యూ రేమండ్' జనం నోట్లో మూసారాం అయ్యాడు. మాసాబ్ ట్యాంక్‌లో మాసాబ్ అంటే మా సాహెబా, అంటే అమ్మగారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగంని అలా పిలిచేవారు. హయత్‌నగర్ కూడా ఆమె పేరే. నాంపల్లి కుతుబ్‌షాహీల దగ్గర పనిచేసిన నేక్‌నామ్ ఖాన్ పేరు మీద వచ్చిందని చెబుతారు. బిరుదు ఫార్సీది, వెనక తగిలించిన పల్లి మనది. గచ్చిబౌలిలో గచ్చు మనకి తెలిసిన గచ్చే, బౌలి అంటే మెట్లబావి.

ఇవేవీ స్వచ్ఛమైన పేర్లు కావు. జనం నోట్లో నలిగి నలిగి ఈ ఊరివి అయ్యాయి. పేరు ఏ భాషలోంచి వచ్చిందన్నది ఇక్కడ పెద్ద విషయం కాలేదు. ఆ చోటుతో దానికి ఏ సంబంధం ఉందన్నదే లెక్క. మేపుల్ మీద నాకున్న ఫిర్యాదు అది ఇంగ్లీషు మాట అని కాదు, ఆ నేలకి మేపుల్‌తో ఏ సంబంధమూ లేదని.

కొత్త పేర్లలో కూడా సంబంధం ఉన్నవి ఉన్నాయి. ఏ.ఎస్.రావు నగర్ అయ్యగారి సాంబశివరావు పేరు. పక్కనే ఉన్న ఈసీఐఎల్‌ని నిలబెట్టిన శాస్త్రవేత్త ఆయన. ఆ కంపెనీ వల్లే ఆ చుట్టుపక్కల ఇన్ని కాలనీలు వచ్చాయి కాబట్టి అంతకంటే లోకల్ పేరు ఇంకోటి ఉండదు. అసలు పేరు పెట్టడమే మర్చిపోయినవీ ఉన్నాయి. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ కేపీహెచ్‌బీగా మిగిలింది. అందులో ఇళ్ళకి ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని గుర్తులు. తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం, ఎక్కువ ఆదాయం. ఇల్లు ఎక్కడ అంటే కట్టిన రోజుల్లో జీతమెంతో చెప్పే అడ్రస్ అది.

కాగితాల్లో మాత్రం ఇంకో హైదరాబాదు ఉంటుంది. రాయదుర్గ్ పన్‌మక్తా, రాయదుర్గ్ నవ్‌ఖల్సా, మణికొండ జాగీర్, మణికొండ ఖల్సా, కంచ గచ్చిబౌలి. రిజిస్ట్రేషన్ రోజున తప్ప మనం చదవని పేర్లు. జాగీర్ అంటే శిస్తు జాగీర్దారుకి పోయిన నేల. ఖల్సా అంటే నేరుగా సర్కారుకి పోయిన నేల. మక్తా అంటే ఏటా ఇంత అని ఖాయం చేసుకుని ఇచ్చిన నేల. కంచ అంటే పశువులు మేసే బీడు, పొదలూ రాళ్ళూ ఉండే చోటు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడాన్ని సుప్రీంకోర్టు ఆపినప్పుడు, అది అడవా కాదా అని టీవీల్లో రోజుల తరబడి వాదించుకున్నారు. అది ఎలాంటి నేలో మొదటి మాటలోనే ఉంది. ఆ మాట అర్థం మనకి తెలియకుండా పోయింది, అంతే.

పేరు మిగిలితే ఒక్కోసారి నీళ్ళు కూడా తిరిగొస్తాయి. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట అని ఒకటుంది. మట్టీ చెత్తా పడి పూడిపోయి, తుప్పలు మొలిచిన ఖాళీ జాగాలా ఉండేది. దాన్ని చూసి కుంట అనడానికి పేరు తప్ప ఇంకేమీ లేదు. 2025 మొదట్లో హైడ్రా అక్కడ తవ్వకం మొదలుపెడితే అడుగు నుంచి నీళ్ళు ఊరాయి. ఆ సెప్టెంబరులో మళ్ళీ కుంటగా తెరిచారు. ఆ జాగాని ఈలోగా అందరూ 'గ్రీన్ వ్యూ' అని పిలవడం అలవాటు చేసుకుని ఉంటే అక్కడ గునపం వేసి చూడాలని ఎవరికి తోచేది?

*

ఆ నెలాఖరులో తమ్ముడితో కలిసి వాళ్ళ వెంచర్‌కి వెళ్ళాను. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. కారణం కాసేపట్లో మీకే తెలుస్తుంది.

వెళ్ళేముందు కాగితాలు చూశాం. తెలంగాణలో భూమి సంగతి తెలియాలంటే 1954-55 ఖాస్రా పహాణీ దగ్గర మొదలుపెట్టాలి. ఏ సర్వే నంబరు ఎంత, పట్టా ఎవరిది, సాగు ఎవరు చేస్తున్నారు, తరియా ఖుష్కియా, అంటే తడి నేలా మెట్ట నేలా, అన్నీ అందులో ఉంటాయి. వెంచర్‌లోని సర్వే నంబర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాం. ఎక్కువ భాగం పట్టా భూమి. ఒక నంబరు ఒక కుంట ఆయకట్టు కింది తరి. ఇంకో నంబరు ఎదురుగా 'నీరటి ఇనాం' అని ఉంది.

తమ్ముడికి ఆ మాట అర్థం కాలేదు. చెరువు తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎన్ని గంటలు నీళ్ళు పోవాలో చూడటం, వానాకాలంలో రాత్రిళ్ళు కట్టకి కాపలా ఉండటం ఒకరి పని. ఆయన నీరటి. జీతం ఉండేది కాదు, బదులుగా కొంత భూమి ఇచ్చేవాళ్ళు. అది నీరటి ఇనాం. ఇలాగే ఊరి కావలి పనికి సేత్‌సింధి ఇనాం, ఊరి వృత్తుల వాళ్ళకి బలూత ఇనాం. తెలంగాణ ప్రాంతపు ఇనాముల రద్దు కోసం 1955లో చేసిన చట్టంలో ఈ మూడు పేర్లూ అలాగే ఉంటాయి. చాలా ఊళ్ళల్లో నీరటి పని చేసింది దళితులు. ఊరందరి పంటకీ నీళ్ళిచ్చిన చెయ్యి వాళ్ళది.

వెంచర్ గేటు దాటి లోపలికి వెళ్తే ఎక్కడా కుంట లేదు. చదును చేసిన ఎర్రమట్టి, తారు రోడ్లు, హద్దురాళ్ళు. ఒక మూల మాత్రం, కాంపౌండ్ గోడని వంకర తిప్పి మరీ, చిన్న గుడిని వదిలేశారు. రెండు రాళ్ళు, పసుపు, కుంకుమ, వేపకొమ్మ. కట్టమైసమ్మ. చెరువు కట్ట ఉన్న చోట ఉండే దేవత. కట్ట పోయింది, ఆమె ఉంది. కట్ట తవ్వడానికి వెనకాడని వాళ్ళు కూడా ఆమె జోలికి పోవడానికి జంకుతారు.

గుడి దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పాత ఊళ్ళో ఉంటాడట, వారానికోసారి దీపం పెట్టడానికి వస్తాడట. ఇక్కడ కుంట ఉండేదా తాతా అని అడిగాను.

"ఎందుకు లేదు బిడ్డా. గిదంతా కుంట కిందిదే. గాడ అలుగు దుంకుతుండె. మంచి వానలైతే రాత్రంతా సప్పుడే."

చెయ్యి చూపించి ఒక్కో చోటికీ పేరు చెబుతూ పోయాడు. ఇది కట్ట. అక్కడ తూము. అలుగు దాటిన నీళ్ళు పోయేది ఈదుల ఒర్రె. రెండు పక్కలా ఈత చెట్లు ఉండేవట. ఒర్రె పక్కన కొంచెం ఎత్తుగా ఉన్న తుండు నీరటి చెలక. బ్రోచర్‌లో విల్లో స్ట్రీట్ అని ఉన్నది దాని మీదే.

"ఆ నీరటి ఎవరు తాతా?"

"మా నాయిన."

ఆ భూమి ఎట్లా పోయిందని అడిగాను. చెయ్యి గాల్లో ఒకసారి తిప్పాడు. "నీళ్ళు పొయినంక నీరటితోని ఏం పని బిడ్డా" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. నేనూ రెండోసారి అడగలేదు.

*

సొసైటీ మీటింగుకి నన్నూ రమ్మన్నారు. ఈసారి జాబితా వేరు. మైసమ్మ కట్ట, తూము వీధి, అలుగు వీధి, ఈదుల ఒర్రె, నీరటి చెలక. ఐదూ ఆ నలభై ఎకరాల్లోవే. ఏ పేరు ఎందుకో, ఏ వీధి దేని మీద ఉందో పాత గ్రామ నక్షా పక్కన పెట్టి చూపించాను.

చర్చ బాగానే జరిగింది. కోస్తా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "తూము అంటే మా వైపు మురుగు పోయే గొట్టమమ్మా, అడ్రస్ చెబితే నవ్వుతారు" అన్నారు. నిజమే, అందరూ నవ్వారు. చెరువుకి తూము అంటే గుండెకాయ లాంటిదని ఒక రైతు కొడుకు లేచి చెప్పాక ఆయనే సరే అన్నారు. ఒక చిన్న పిల్ల "అలుగు అంటే పొలుసులుండే జంతువు కదా ఆంటీ" అని అడిగింది. అదీ నిజమే. నీళ్ళు దుమికే అలుగు ఇంకోటి ఉందని చెబితే, "రెండూ ఉంటే ఇంకా మంచిది" అంది. ఆ వీధి పేరు అక్కడికక్కడే ఖాయమైంది. దేవత పేరు వీధికి పెడితే రేపు ఇంకెవరో ఇంకో దేవుడి పేరు అడుగుతారని ఒకరన్నారు. 'కట్ట వీధి' దగ్గర రాజీ కుదిరింది.

"కుంటే లేనప్పుడు కట్టా తూమూ ఎందుకు? అబద్ధం కాదా?" అని ఒకావిడ అడిగారు. అది మంచి ప్రశ్న. నాకు వెంటనే ఏటిగడ్డ కిష్టాపూర్ గుర్తొచ్చింది. మల్లన్నసాగర్ కింద మునిగిన ఊళ్ళలో అదొకటి. వేములఘాట్, పల్లెపహాడ్ కూడా అలాగే మునిగాయి. గజ్వేల్ దగ్గర కట్టిన పునరావాస కాలనీలో ఊరికో భాగం, ఆ భాగానికి ఆ ఊరి పేరు. అక్కడ ఏరు లేదు, గడ్డా లేదు. అయినా ఏటిగడ్డ అన్న పేరు అబద్ధం కాలేదు, ఎందుకంటే ఆ గడ్డ మీద బతికిన మనుషులే దాన్ని మోసుకొచ్చారు. మన సంగతి దానికి తలకిందులు. ఇక్కడ నేల ఉంది, మనుషులు కొత్తవాళ్ళు. పేరు పెట్టినంత మాత్రాన కుంట ఉన్నట్టు కాదు, కానీ ఉండేదని మనకి తెలుసని ఒప్పుకున్నట్టు అవుతుంది. లేక్ వ్యూ అని రాసుకోవడం అబద్ధం. తూము వీధి అని రాసుకోవడం వాంగ్మూలం. పెద్ద వాన వచ్చి తూము వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే, ఎందుకు నిలిచాయో కనీసం బోర్డు చెబుతుంది.

ఇది విన్నాక నాలుగు పేర్లూ దాటిపోయాయి. ఐదోదాని దగ్గర గది నిశ్శబ్దమైంది.

నీరటి అంటే ఎవరని అడిగారు. చెప్పాను. "క్యాస్ట్ పేర్లు వద్దు మేడమ్, అందరం కలిసి ఉండాల్సిన చోటు" అని ఒకాయన అన్నారు. అది కులం పేరు కాదు, పని పేరు అన్నాను. వెనక నుంచి ఇంకొకాయన అసలు మాట బయటపెట్టారు. "పనో కులమో పక్కన పెట్టండి. ఆ పేరు బోర్డు మీద ఉంటే, రేపు కొనడానికి వచ్చినవాడు నీరటి ఇనామా అని అడుగుతాడు. బ్యాంకువాళ్ళు అడుగుతారు. మనమే గోల తెచ్చుకోవడం దేనికి?"

అప్పటిదాకా చరిత్ర అంటే ముచ్చటగా విన్నవాళ్ళంతా తలలు ఊపారు. తమ్ముడి వైపు చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. వాడి ప్లాట్ ఐదో వీధిలోనే.

వాళ్ళని తప్పుపట్టడం తేలిక. వాళ్ళెవరూ ఎవరి భూమినీ లాక్కున్నవాళ్ళు కాదు. ఇరవై ఏళ్ళ లోను నెత్తిన పెట్టుకుని, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించి కొన్నవాళ్ళు. వాళ్ళ భయం నిజమైంది. కానీ ఆ భయమే పేరు ఎంత బలమైందో కూడా చెప్పింది. ఇంద్రపాలనగరం అని పెట్టి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. విష్ణుకుండినుల వారసులు ఎవరూ వచ్చి అడగరు. పదిహేను వందల ఏళ్ళ కిందటి పేరు మనల్ని ఏమీ అడగదు, అందుకే మనకి అంత ఇష్టం. డెబ్భై ఏళ్ళ కిందటి పేరుకి కొడుకు ఉన్నాడు. గుడి దగ్గర కూర్చుని ఉన్నాడు.

విజయపురి సంగతి నాకు ఆ గదిలో అర్థమైంది. మనం గొప్ప పేరు ఎంచుకునేది గతం మీద గౌరవంతో మాత్రమే కాదు. మధ్యలో ఉన్నవాళ్ళ పేరు చెప్పకుండా దాటిపోవడానికి కూడా.

చేతులెత్తమన్నారు. నీరటి చెలక ఓడిపోయింది.

*

ఇప్పుడు అక్కడ నాలుగు వీధులకి బోర్డులు పడ్డాయి. కట్ట వీధిని డెలివరీ కుర్రాళ్ళు 'మైసమ్మ గల్లీ' అంటున్నారట. ఎవరెన్ని రాజీలు చేసుకున్నా పేరు తన దారి తను చూసుకుంటుంది. ఐదో వీధికి తాత్కాలికంగా 'ఈ స్ట్రీట్' అని రాశారు.

మీ అపార్ట్‌మెంట్‌కో కాలనీకో పేరు పెట్టే అవకాశం మీకూ రావచ్చు. శాసనాల పుస్తకాలు తర్వాత తెరవండి. ముందు పహాణీ తీయించండి. గ్రామ నక్షాలో కుంట, ఒర్రె, బండ్లబాట ఎటు పోయాయో వేలు పెట్టి చూడండి. ఆ తర్వాత పాత ఊళ్ళోకి వెళ్ళి, ఒకప్పుడు అక్కడ పశువుల్ని కాసిన వాళ్ళని, నాట్లేసిన ఆడవాళ్ళని అడగండి. సర్వే నంబరుకి పేరుండదు. అందులో పనిచేసిన వాళ్ళు మాత్రం ప్రతి తుండుకీ ఒక పేరు పెట్టుకునే ఉంటారు. దొరికిన పేరు మీకు కాస్త ఇబ్బందిగా అనిపిస్తే వెంటనే పక్కన పెట్టకండి. ఎందుకు ఇబ్బందో ఒకసారి ఆలోచించండి.

మొన్న తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఇల్లు పూర్తయింది, మాఘమాసంలో గృహప్రవేశం. కార్డులు అచ్చుకి ఇవ్వాలట. "అడ్రస్ దగ్గర ఆగిపోయానక్కా. ఈ స్ట్రీట్ అని వేయిస్తే ఏదోలా ఉంది. ఆ తాతని కూడా పిలుద్దామనుకుంటున్నా. కార్డు ఆయనకి ఇచ్చేటప్పుడు..." అని ఆగాడు.

ఇల్లు వాడిది, లోనూ వాడిదే. ఏం వేయించాలో నేను చెప్పలేదు. కార్డు ఇంకా అచ్చుకి వెళ్ళలేదు.